ఎక్స్‌రే గారూ, గులకరాళ్ళ పిట్టా

ఆసుపత్రిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి క్యాంటీన్‌లో టీ పోసే ఆవిడ దాకా అందరికీ ఆయన ‘ఎక్స్‌రే గారు’. ఇరవై రెండేళ్ళుగా కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో, సీసపు కోటు తొడుక్కుని ఎముకల ఫొటోలు తీస్తున్నారు. విరిగిన చేతులు, బెణికిన చీలమండలు, పిల్లలు మింగిన బొత్తాలు... ఊళ్ళో సగం మందిని ఆయన లోపలి నుంచి చూసేశారు. రోజు మొత్తమ్మీద ఆయన మాట్లాడే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు: “ఇలా పడుకోండి. కదలకండి. ఊపిరి పట్టండి. ఆఁ, వదలండి.” ఇంట్లో కూడా ఇంతకు మించి మాట్లాడరని భార్య ఫిర్యాదు.

చలి తగ్గీ తగ్గకుండా ఉన్న ఒక సోమవారం సూపరింటెండెంట్ మేడమ్ స్వయంగా కిందికి దిగి వచ్చారు. ఆవిడ దిగారంటే యంత్రమైనా పాడై ఉండాలి, లేదా ఎవరికైనా మూడి ఉండాలి. ఈసారి రెండూ కాదు. ఎక్స్‌రే గది బయట జనం కూర్చునే వరండాకి కొత్తగా రంగు వేయించారు. లేత ఆకుపచ్చ. బెంచీకి ఎదురుగా గోడ బోసిగా ఉంది.

“ఇక్కడ ఎనిమిది ఫొటోలు పెడదాం. వసంతం వస్తోంది కదా, మన ఊరి వసంతం. మొగ్గలు, పిట్టలు, సముద్రం, అలాంటివి. నొప్పితో కూర్చునేవాళ్ళకి కాస్త హాయిగా ఉంటుంది. వచ్చే సోమవారానికల్లా కావాలి” అన్నారు మేడమ్.

“మంచి ఆలోచనండీ. ఎవరు తీస్తున్నారు?”

“మీరే.”

ఎక్స్‌రే గారు తన సీసపు కోటు కేసి చూసుకున్నారు. “నేను ఎముకలు తీస్తానండీ మేడమ్.”

“ఇన్నేళ్ళూ లోపలివి తీశారుగా, ఈసారి బయటివి తీయండి” అని ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయారు.

ఇంట్లో ఒక కెమెరా ఉంది. పెళ్ళయిన కొత్తలో ముచ్చటపడి కొన్నారు. పదిహేనేళ్ళుగా బీరువాలో దుప్పట్ల కింద పడి ఉంది. శనివారం మధ్యాహ్నం సెలవు దొరగ్గానే దాన్ని దులిపి మెడలో వేసుకుని వెళ్ళారు. చీకటి పడకముందే అరవై మూడు ఫొటోలతో తిరిగొచ్చారు. మొహం వెలిగిపోతోంది.

భార్య బడిలో లెక్కల టీచరు. భోజనాల బల్ల మీద పరీక్ష పేపర్లు పరుచుకుని దిద్దుతోంది. ఎర్ర పెన్ను చెవి మీద పెట్టుకుని కెమెరా తీసుకుంది. ఒకటి చూసింది. రెండోది చూసింది. పదో ఫొటో దగ్గర ఇక ఆపుకోలేకపోయింది.

“ఏవండీ, ఈ పువ్వుకి ఏం జబ్బు చేసింది?”

“జబ్బేంటి?”

“మరి ఇలా నిలబెట్టారేంటి దాన్ని?”

ఆయన వంగి చూశారు. నిజమే. ప్రతి పువ్వూ ఫొటోకి సరిగ్గా నడిమధ్య నిటారుగా నిలబడి ఉంది. మొదట ముందు నుంచి, ఆ తర్వాత పక్క నుంచి. పడవ కూడా అంతే. చెట్టు కొమ్మా అంతే. ఒక కొమ్మకి మొగ్గలు వచ్చిన మాట వాస్తవమే గానీ, అవి కీళ్ళవాపుల్లా కనిపిస్తున్నాయి.

“రెండు వైపుల నుంచి చూస్తే గానీ తెలీదు కదా” అన్నారు నెమ్మదిగా.

“ఏం తెలియాలి?”

సోఫాలోంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. అత్తగారు.

ఆవిడ వచ్చి మూడు వారాలైంది. కుడి ముంజేతికి పిండికట్టు, మెడలోంచి వేలాడే గుడ్డ. బాత్రూమ్‌లో జారిపడిందని ఆసుపత్రికి తీసుకొస్తే ఎక్స్‌రే తీసింది అల్లుడుగారే. ఒంటి చేత్తో ఒంటరిగా ఏం చేసుకుంటావని కూతురు ఇంటికి తెచ్చిపెట్టుకుంది. అత్తకీ అల్లుడికీ మధ్య పదిహేనేళ్ళుగా నడిచిన మాటలన్నీ కలిపితే ఒక పోస్టుకార్డు నిండదు. బాగున్నారా బాబూ, బాగున్నానండి. భోంచేశారా, చేశానండి. ఆవిడ ఒక గదిలో ఉంటే ఆయన ఇంకో గదిలోకి మొహమాటపడుతూ తప్పుకుంటారు. ఆవిడ ఎముకలు తెలిసినంతగా ఆవిడ ఆయనకి తెలియదు.

“అమ్మని తీసుకెళ్ళండి రేపు” అంది భార్య. “ఇరవై ఎనిమిదేళ్ళు ఆ సముద్రం పక్కనే ఉత్తరాలు పంచింది. ఎక్కడ ఏం పూస్తుందో అమ్మకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. పైగా మూడు వారాలుగా నా వంటకి వంకలు పెడుతూ కూర్చుంది. నాకూ ఒక పూట ఊపిరాడుతుంది.”

“వంకలేం పెట్టలేదే. ఉప్పు లేదన్నాను, అంతే” అంది అత్తగారు సోఫాలోంచి.

ఆదివారం పొద్దున్న ఏడున్నరకే ఆవిడ గుమ్మంలో తయారుగా ఉంది. భుజాన శాలువా, కాళ్ళకి ఉద్యోగం నాటి తోలు బూట్లు. బూట్ల తాళ్ళు మాత్రం నేల మీద పాకుతున్నాయి. ఎడమ చేత్తో ఎంత తంటాలు పడినా ముడి పడలేదు. కూతురేమో స్నానాల గదిలో ఉంది. ఎక్స్‌రే గారు ఒక క్షణం తటపటాయించి, కింద కూర్చుని తాళ్ళు బిగించి కట్టారు. ఆ కాసేపూ అత్తగారు గోడ గడియారం కేసి, అందులో ఏదో చదవాల్సింది ఉన్నట్టు, తదేకంగా చూస్తూ నిలబడింది.

“బిగుతైందాండీ?”

“సరిపోయింది బాబూ.”

రేవు దగ్గర బస్సు దిగారు. ఆయన వెంటనే చెట్ల కేసి కెమెరా ఎత్తారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

“ఆకులు ఆఖర్న వస్తాయి బాబూ. ముందు తలుపులు తెరుచుకుంటాయి. ఇలా రండి.”

చేపల గోదాముల వెనక ఒక సన్నటి వీధి. అక్కడ ఆవిడ నడక మారిపోయింది. ఇంట్లో సోఫాకీ కుర్చీకీ మధ్య తడుముకుంటూ తిరిగే మనిషి, ఇక్కడ భుజాన సంచీ ఉన్నట్టు ఎడమ పక్కకి కాస్త ఒరిగి చకచకా వెళ్ళిపోతోంది. కెమెరా గుండెల మీద ఎగురుతుంటే ఆయన వెనక పరుగులాంటి నడక అందుకున్నారు. ఒక నీలం రంగు చెక్క గేటు ముందు ఆవిడ ఆగింది. ఎడమ చేతి చిటికెన వేలితో నెట్టింది. గేటు చప్పుడు లేకుండా తెరుచుకుంది.

“చూశారా? చలికాలమంతా చెమ్మకి ఉబ్బిపోయి పట్టేస్తుంది ఇది. భుజం పెట్టి తోయాలి. ఇది వేలితో తెరుచుకుంటే ఇక చలి పోయినట్టే. తీయండి.”

“గేటునాండీ?”

“గేటునే.”

తీశారు. అలవాటు చొప్పున పక్కకి జరిగి రెండో వైపు నుంచి కూడా తీయబోయి, అత్తగారు చూస్తోందని మానుకున్నారు.

వలలు దాచే పాత కొట్టు వెనక ఇటుక గోడ ఉంది. పొద్దున్న ఎండ నేరుగా దాని మీదే పడుతుంది. ఆవిడ గోడకి అరచెయ్యి ఆనించి చూసి, కిందికి చూపించింది. గోడ నేలని కలిసే చోట, పగులులో, చొక్కా బొత్తాం కన్నా చిన్న పసుపు పువ్వులు అయిదారు. ఒకదాని మీద తేనెటీగ, నిద్ర తీరనట్టు బద్ధకంగా కదులుతోంది.

“పడుకోండి బాబూ” అంది అత్తగారు.

“అండీ?”

“నిలబడి తీస్తే దాని నెత్తి కనిపిస్తుంది. పడుకోండి. మోచేతులు నేలకి ఆనించండి. ఆఁ, అలా. కదలకండి.”

తడి నేల చలి చొక్కాలోంచి కడుపుకి తగిలింది. జన్మలో ఎవరూ ఆయనకి ఈ మాటలు చెప్పలేదు. “ఊపిరి పట్టమంటారా?” అని అడిగారు, బుద్ధిగానే.

“పట్టండి మరి.”

అంతలో పక్కింటి కిటికీ తెరుచుకుని ఒకావిడ తల బయటికి పెట్టింది. “పోస్టమ్మా! ఎన్నాళ్ళకి! అయ్యో, ఎవరాయన, పడిపోయారా?”

“మా అల్లుడు. పడిపోలేదు, నేనే పడుకోబెట్టాను” అంది అత్తగారు గర్వంగా.

తొమ్మిదిన్నరకల్లా ఆయన కెమెరాలో చాలానే చేరాయి. బోర్లించి అప్పుడే రంగు వేసిన పడవ, దాని వీపు మీద ఆరుతున్న మూడు వేళ్ళ ముద్ర. ఇసుక దిబ్బ వెనక గుంటలో, గాజు పూసల్లో నల్ల చుక్కలు పెట్టినట్టున్న కప్ప గుడ్లు. ఎండిన రెల్లు మధ్య కత్తుల్లా లేచిన లేత పిలకలు. ఒక్కటీ నడిమధ్య నిలబడలేదు. ప్రతిసారీ ఆవిడ “ఇంకాస్త పక్కకి, దానికీ చోటివ్వండి” అంటూ వచ్చింది. ఆయన చొక్కా ముందు భాగం పూర్తిగా మట్టి కొట్టుకుపోయింది.

ఏరు సముద్రంలో కలిసే చోట ఇసుక ఉండదు, అన్నీ గులకరాళ్ళే. బూడిద రంగువి, గోధుమ రంగువి, చుక్కలవి. అక్కడికి చేరగానే పిడికెడంత పిట్ట ఒకటి వాళ్ళ కాళ్ళ ముందు నుంచే పరిగెత్తింది. రాళ్ళ రంగు ఒళ్ళు, మెడ చుట్టూ నల్ల పట్టీ. పది అడుగులు పోయి ఒక పక్కకి కూలబడింది. ఎడమ రెక్క నేల మీద ఈడుస్తూ, తోక విసనకర్రలా పరిచి, పీఁ పీఁ అని ఏడుస్తోంది.

ఎక్స్‌రే గారి మొహం మారిపోయింది.

“విరిగిందండీ! భుజం దగ్గర విరిగింది. అది ఈడ్చే తీరు చూడండి.” మెడలోని మఫ్లర్ లాగేసి వలలా పట్టుకున్నారు. “మీరిక్కడే ఉండండి అత్తయ్యగారూ, నేను పట్టుకుంటాను.”

“బాబూ, అది...”

వినే స్థితిలో లేరాయన. మూడు అంగల్లో పిట్ట దగ్గరికి చేరారు. మఫ్లర్ విసిరే లోపు అది ఇంకో పది అడుగులు ఈడ్చుకుంటూ పోయింది. ఆయన వెంటపడ్డారు. అది మళ్ళీ జరిగింది. “కదలకు! కదిలితే ఇంకా విరుగుతుంది!” అని బతిమాలుతూ, రాళ్ళ మీద బూట్లు జారుతుంటే, మఫ్లర్ జెండాలా ఎగురుతుంటే, ఎక్స్‌రే గారు అలల అంచు దాకా పరిగెత్తారు. వెనక నుంచి అత్తగారు ఏదో అరుస్తోంది, గాలికి వినపడలేదు. ఆఖరికి ఒక రాయి మీద మోకాలు కొట్టుకుని కూలబడి, చెయ్యి చాచారు. వేలెడు దూరంలో ఉంది పిట్ట.

అది ఆయన కేసి ఒక్కసారి చూసింది. విరిగిన రెక్క చక్కగా సర్దుకుంది. జివ్వున ఎగిరి, ఆయన తల మీదుగా పెద్ద చుట్టు తిరిగి, వెళ్ళిపోయింది.

ఆయన మోకాలు రుద్దుకుంటూ లేచి, తలొంచుకుని వెనక్కి నడిచారు.

“ఆగండి!” అంది అత్తగారు. ఎన్నడూ అంత గట్టిగా మాట్లాడలేదు ఆవిడ అల్లుడితో. “ఎత్తిన కాలు దించకండి!”

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచేశారు. ఆవిడ పిండికట్టు చేత్తో కిందికి చూపించింది. బూటుకి జానెడు ముందు, రాళ్ళ మధ్య చిన్న గుంట. అందులో నాలుగు రాళ్ళు. మళ్ళీ చూస్తే, రాళ్ళు కావు, గుడ్లు. బూడిద రంగు మీద నల్ల చుక్కలు, కొసలన్నీ మధ్యకి చేర్చి ఎవరో సర్దిపెట్టినట్టున్నాయి.

“రెక్క విరగలేదు బాబూ. విరిగినట్టు ఆడుతుంది. గుడ్ల దగ్గరికి ఎవరైనా వస్తే వాళ్ళని దూరంగా లాక్కెళ్ళి వదిలేస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఇలాంటిదే నన్ను అర మైలు తిప్పింది, సంచీతో సహా.”

ఆయన మెల్లగా కాలు వెనక్కి దించారు. “ఇరవై రెండేళ్ళ సర్వీసండీ నాది” అన్నారు, చిన్నబోయిన గొంతుతో. “విరిగిందో లేదో గుమ్మంలోంచి నడిచొచ్చే తీరు చూసి చెప్పేస్తాను.”

“ఆ సంగతి పాపం దానికి తెలీదు కదా.”

ఆయనకి నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. ఒకరిని చూసి ఒకరు, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు. పదిహేనేళ్ళలో ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు.

గుడ్లకి పది గజాల ఇవతల, కుక్కలతో నడకకి వచ్చేవాళ్ళు చూసి తప్పుకునేలా, కొట్టుకొచ్చిన కర్రలు నాలుగు పాతారు. గుర్తుగా కట్టడానికి ఆవిడ మెడలోని గుడ్డ విప్పబోయింది. “చెయ్యి దించకూడదండీ, వాపొస్తుంది” అని ఆయన తన మఫ్లర్ కట్టారు. తర్వాత దూరంగా, పడి ఉన్న పెద్ద దుంగ వెనక చేరారు. ఆయన పడుకున్నారు, చెప్పించుకోకుండానే. ఆవిడ దుంగకి ఆనుకుని కూర్చుంది. మనుషులు కదలకుండా ఉంటే పిట్ట తిరిగొస్తుందంది.

చాలాసేపు ఏమీ రాలేదు. ఎండ వీపు మీద వెచ్చగా ఉంది.

“నటించేవాళ్ళు చాలామందే వస్తారండీ మా దగ్గరికి” అన్నారు ఎక్స్‌రే గారు, కెమెరాలోంచి కళ్ళు తీయకుండా. “సెలవు చీటీ కోసం కొందరు, ఆటల పోటీ తప్పించుకోవడానికి పిల్లలు. ఎప్పుడూ మోసపోలేదు. మూడు వారాల కిందట కూడా.”

“మూడు వారాల కిందట ఎవరొచ్చారు?”

“ఒకావిడ. నిజంగానే విరిగింది, అందులో సందేహం లేదు. బాత్రూమ్‌లో జారిపడ్డానన్నారు. అరచేతిలో కంకర గుచ్చుకుని ఉంది. బాత్రూమ్‌లో కంకర ఉండదు కదండీ.”

అత్తగారు అరచెయ్యి శాలువా కిందికి లాక్కుంది.

“అమ్మాయికి చెప్పారా?”

“రిపోర్టులో ఎముకల గురించే రాస్తానండీ. కంకర గురించి రాయను.”

ఆవిడ శాలువా సర్దుకుంది. “సైకిల్ మీంచి పడ్డాను బాబూ. లైట్‌హౌస్ వాలు దిగుతూ. రెండు చేతులూ వదిలేశాను.”

“వదిలేశారా! ఎందుకండీ?”

“ఇరవై ఎనిమిదేళ్ళు దిగాను ఆ వాలు. భుజాన అంత సంచీ ఉంటే చేతులెలా వదులుతాం? రిటైరై మూడేళ్ళైంది. సంచీ లేదు, గాలి లేదు, రోడ్డు మీద పురుగు లేదు. ఒక్కసారి చూద్దామనిపించింది.”

ఆయన ఆలోచించారు. “ఎలా ఉందండీ?”

“మొదటి సగం చాలా బాగుంది” అంది అత్తగారు.

ఈసారి నవ్వు ఆపుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే పిట్ట వచ్చేసింది. ఎక్కడ వాలిందో తెలియదు. రాళ్ళ మధ్య ఒక రాయి నడిచినట్టు నడిచి, ఆగి, అటూ ఇటూ చూసి, గుంట మీద కూర్చుంది. ఈకలు ఒకసారి ఉబ్బించి సర్దుకుంది. అంతే, మాయమైపోయింది. కళ్ళు అక్కడే పెట్టి ఉంచితే తప్ప కనపడదు. ఆయన కెమెరాకి అంత దూరం అందదు. అయినా నొక్కారు. ఒక్కటే తీశారు.

సోమవారం ఎనిమిది ఫొటోలూ మేడమ్ బల్ల మీద పరిచారు. గేటు దగ్గర ఆవిడ కనుబొమలెత్తారు, తేనెటీగ దగ్గర నవ్వారు. ఆఖరి దాని దగ్గర ఆగిపోయారు.

“ఇవి ఉత్త రాళ్ళు కదండీ?”

“పిట్ట ఉంది మేడమ్.”

“ఎక్కడ?”

చెప్పబోయి, ఎందుకో ఆగారాయన. “ఉందండీ” అన్నారు.

మేడమ్ కళ్ళజోడు తుడుచుకున్నారు. ఫోను మోగితే తీయలేదు. ఇద్దరు డాక్టర్లు సంతకాల కోసం వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. నాలుగు నిమిషాలు గడిచాక ఆవిడ బల్ల మీద దెబ్బ వేసి “ఆఁ! దొరికింది!” అన్నారు. తర్వాత ఆ ఫొటోని అన్నిటికన్నా పెద్దది చేయించి, బెంచీకి సరిగ్గా ఎదురుగా పెట్టమన్నారు.

అది పెట్టినప్పటి నుంచీ వరండాలో పద్ధతి మారింది. ఇదివరకు జనం బెంచీ మీద కూర్చుని తమ నొప్పులూ, పక్కవాళ్ళ నొప్పులూ చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు వేళ్ళు చూపించుకుంటున్నారు. “అదిగో, ఆ తెల్ల రాయి పక్కన.” “అది పిట్టా? అది నీడ.” దొరికినవాళ్ళు దొరకనివాళ్ళకి చెప్పకూడదని ఎవరు పెట్టారో గానీ ఒక నియమం కూడా పుట్టింది. ఎక్స్‌రే గారు తలుపు తీసి “తర్వాత ఎవరండీ?” అంటే ఒకప్పుడు ముగ్గురు లేచేవాళ్ళు. ఇప్పుడు మోకాలికి దెబ్బ తగిలిన పెద్దాయన ఒకరు చెయ్యి అడ్డం పెట్టి, “ఒక్క నిమిషం ఆగండి, ఎడమ వైపు సగం అయిపోయింది” అంటారు. ఆయన ఆగుతారు. ఆగి, ఎండ అటు నుంచి పడుతోంది చూడండి, అలలు దగ్గర్లోనే ఉన్నాయి, అంటూ నాలుగు మాటలు మాట్లాడతారు. ఎక్కడుందో మాత్రం చెప్పరు.

ఇంకో మూడు వారాలకి అత్తగారి కట్టు విప్పారు. ఎముక అతికిందో లేదో చూడ్డానికి కింది అంతస్తుకి వచ్చి, బెంచీ మీద అందరితో పాటే కూర్చుంది. పక్కనున్న అమ్మాయి అడిగింది: “మీకు కనిపించిందా ఆంటీ?”

“లేదమ్మా. నేనూ వెతుకుతున్నాను” అంది ఆవిడ, మొహంలో ఏ భావమూ లేకుండా.

లోపల ఫిల్ము వెలుతురు పెట్టె మీద పెట్టి ఎక్స్‌రే గారు సంతోషంగా చూపించారు. “చక్కగా అతుక్కుందండీ. ఇంకో నెల బరువులెత్తకండి. సైకిల్ సంగతి మాత్రం...”

“ఎత్తను, తొక్కను” అంది ఆవిడ తొందరగా. తలుపు కేసి చూసి గొంతు తగ్గించింది. “బాబూ, నిన్న అటు వెళ్ళొచ్చాను. బస్సులోనే లెండి. మూడు పిల్లలు! నాలుగోది ఇంకా గుడ్డులోనే ఉంది, పగుళ్ళిస్తోంది. దూది ఉండలకి కాళ్ళొచ్చినట్టున్నాయి. పుట్టి పూటైనా కాలేదు, పరిగెత్తేస్తున్నాయి. రేపటికి ఎటు పోతాయో తెలీదు.”

ఎక్స్‌రే గారు గోడ గడియారం చూశారు. భోజనం గంటకి ఇంకా పది నిమిషాలుంది. సీసపు కోటు విప్పి కొక్కేనికి తగిలించారు. సొరుగులోంచి కెమెరా తీశారు. ఈ మధ్య అది అక్కడే ఉంటోంది. ‘గంటలో వస్తాను’ అని చీటీ రాసి తలుపుకి అంటించారు. ఇరవై రెండేళ్ళలో అలాంటి చీటీ ఆ తలుపు చూడలేదు.

ఎవరైనా గొడవ చేస్తారేమోనని కాస్త బెదురుతూనే, అత్తగారు ముందూ ఆయన వెనకా, బెంచీ ముందు నుంచి నడిచారు. బెంచీ మీద ఆరుగురున్నారు. ఒక్కరూ తల తిప్పలేదు.

“కింద వరసలో చూశారా మీరు?” అంటోంది చెయ్యి వాచిన ఒకావిడ.

“రెండుసార్లు చూశాను” అన్నాడు చీలమండ బెణికిన కుర్రాడు.

మెట్ల దగ్గరకొచ్చాక ఇద్దరూ అడుగు వేగం పెంచారు. పన్నెండింటి బస్సు ఆసుపత్రి గేటు దగ్గర రెండు నిమిషాలకు మించి ఆగదు.